విశాఖలో ఆపిల్ పెంచదలచిన అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మధురవాడ ఇంటి పెరట్లో ఆపిల్ మొక్క వేయాలని ఉందని, కాయలు కాస్తే వాటిని ఎలా నిలవ చేసుకోవాలో కూడా చెప్పమని రాశావు. ముందు నా తెలివితక్కువతనం ఒకటి విను. చాలా ఏళ్ల కిందట వీధిలో మొక్కలు అమ్మేవాడు కాశ్మీరు ఆపిల్ అని చెప్పి ఇచ్చిన దానికి ఎనిమిదేళ్లు నీళ్లు పోశాను; ఆకులే తప్ప ఒక్క పువ్వు చూడలేదు. పాపం మొక్కది కాదు. ఆ రకాలకు శీతాకాలంలో 7 డిగ్రీల లోపు చలి సుమారు 1000 గంటలు తగిలితే గాని మొగ్గ మేలుకోదు; మన ఊళ్లో సంక్రాంతి రాత్రుల్లో కూడా 15 డిగ్రీలకు దిగడం అరుదు. లంబసింగి చలిని చూసి మనకూ వస్తుందనుకోకు, అది సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు.

అందుచేత తక్కువ చలితో సరిపెట్టుకునే రకాల అంటు మొక్కలే తెచ్చుకో. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్-99, ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, బహామాస్ నుంచి వచ్చిన డార్సెట్ గోల్డెన్ ఇటువంటివే. అన్నా ఒంటరిగా సరిగా కాయదు కనుక దాని పక్కన డార్సెట్ గోల్డెన్ తప్పక ఉండాలి. నీరు నిలవని చోట రెండడుగుల గొయ్యి తీసి, బాగా చివికిన పశువుల గెత్తం, వేపపిండి కలిపి నాటి, అంటు కట్టిన చోటు మట్టిలో మునగకుండా చూడు. సముద్రపు గాలి నేరుగా తగలకూడదు. నడివేసవిలో మధ్యాహ్నపు ఎండకు కాస్త నీడ కావాలి.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. మన చెట్టుకు శీతాకాలం ఎప్పుడు వచ్చిందో తెలియదు కాబట్టి, దాన్ని మన చేతులతోనే నిద్రపుచ్చాలి. ఇండొనేషియాలోని జావా ద్వీపంలో మలాంగ్ ప్రాంతపు రైతులు కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసి, కొమ్మలను పక్కకు వంచి కట్టి, ఏడాదికి రెండు పంటలు తీస్తారు. నీవు డిసెంబరులో నీళ్లు తగ్గించి, నెలాఖరుకు ఆకులు దూసేసి, ఎండుకొమ్మలు తీసి, ఆ తరువాత నిండుగా నీరు పెట్టు. రెండు, మూడేళ్ల దాకా పూత రాకపోయినా ఓపిక పట్టు. వచ్చినప్పుడు గుత్తికి ఒక్క పిందెనే ఉంచు. మిగిలినవి తుంచడానికి చేయి రాదు, అయినా తుంచు. ఉడతల కోసం వల తప్పదు.

కాయలు మే, జూన్ నెలల్లో చేతికి వస్తాయి. వేడిలో పండినవి మెత్తబడి ఎక్కువ కాలం ఆగవు. గాయం లేనివి ఏరి ఫ్రిజ్‌లో పెట్టుకో, ఆకుకూరలకు దూరంగా మాత్రమే, ఎందుకంటే ఆపిల్ విడిచే ఇథిలీన్ వాయువుకు ఆకులు పసుపుబారిపోతాయి. ఒరుగులు చేద్దామని డాబా మీద ఆరబెట్టవద్దు. మన ఉప్పుగాలి తేమకు అవి ఎండేలోపే బూజు పడతాయి. పలుచటి చక్రాలుగా కోసి, నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర తోలులా వంగేదాకా ఉంచడమే మేలు. చక్రం రెండు పావలా కాసుల మందం మించకూడదు.

దెబ్బ తగిలినవాటిలో చెడిన భాగం, గింజలు తీసేసి జామ్ కాయి. కిలో ముక్కలకు ముప్పావు కిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం పడతాయి. గట్టిపడే గుణమంతా తొక్కల్లో, నడిబొడ్డులో ఉంటుంది గనుక వాటిని పలుచటి గుడ్డలో మూటకట్టి ముక్కలతో పాటు ఉడికించి, పిండి తీసెయ్యి. ముక్కలు మెత్తబడ్డాకనే పంచదార వెయ్యి. చల్లటి స్టీలు పళ్లెంలో చుక్క వేసి వేలితో తోస్తే ముడతపడితే అయినట్టు. వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన సీసాలోకి వేడిగా ఉండగానే నింపు. గాలికి రాలిన పుల్లటి కాయలకు ఆవ పెట్టి పచ్చడి చేసుకో, అది వారం రోజుల్లో తినేయాలి.

డిసెంబరులో ఆకులు దూసే రోజు కబురు పెట్టు, నేను వచ్చి కొమ్మలు వంచి కట్టి వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న