సాలిట్యూడ్‌లో రెండో మనిషికి చోటుందా?

‘సాలిట్యూడ్ అంటే ఏకాంతమా, ఒంటరితనమా? ఎలా వాడాలి?’ అని అడిగారు. డిక్షనరీ తెరిస్తే ముందు ఏకాంతం అని కనిపిస్తుంది. ఆ ఒక్క అర్థాన్ని నమ్ముకుని నేను నవ్వులపాలయ్యాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీతం సంగతి అందరి ముందూ అడగలేక మేనేజరుకు మెయిల్ పెట్టాను: ‘ఐ వాంట్ టు టాక్ టు యూ ఇన్ సాలిట్యూడ్’. మీతో ఏకాంతంగా మాట్లాడాలి అని నా ఉద్దేశం. ఆయన క్యాబిన్‌లోకి పిలిచి, కుర్చీలోంచి లేచి, ‘సరే, నేను బయట ఉంటా, నువ్వు మాట్లాడుకో’ అన్నారు. నాకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అక్కడ రావాల్సిన మాట ‘ఇన్ ప్రైవేట్’. (జీతమూ పెరగలేదు, అది వేరే కథ.)

చిక్కంతా మన ఏకాంతంతోనే. అందులో ఇద్దరుండొచ్చు, పదిమంది కూడా ఉండొచ్చు. కొత్త దంపతులకు ఏకాంతం కావాలంటాం. తిరుమల కొండ మీద శ్రీవారికి రాత్రి చివరి సేవ ఏకాంత సేవ. అప్పుడూ అర్చకులుంటారు, అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి ఇస్తారు. 2020లో కరోనా వల్ల బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. గుడి లోపలే వాహన సేవలు జరిగాయి, అర్చకులున్నారు, అధికారులున్నారు, లేనిదల్లా జనమే. దీన్ని ‘ఇన్ సాలిట్యూడ్’ అని రాస్తే స్వామి తనంతట తానే వాహనమెక్కి తిరిగొచ్చాడని అర్థమొస్తుంది.

సాలిట్యూడ్‌కు మూలం లాటిన్‌లోని ‘సోలస్’, అంటే ఒక్కడే. సోలో, పేకాటలో సాలిటేర్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. చివరి ‘ట్యూడ్’ మన ‘తనం’ లాంటిది, గ్రాటిట్యూడ్‌లో ఉన్నట్టే. కాబట్టి ఇది నామవాచకం. ‘ఐ యామ్ సాలిట్యూడ్’ తప్పు. ‘ఐ లైక్ సాలిట్యూడ్’, ‘హి లివ్స్ ఇన్ సాలిట్యూడ్’ సరైనవి. దీని విశేషణం సాలిటరీ. అది మాత్రం అంత హాయైన మాట కాదు. ‘సాలిటరీ కన్ఫైన్‌మెంట్’ అంటే జైల్లో ఏకాంత ఖైదు. పాత ఐపీసీ 73వ సెక్షన్ దాన్ని మొత్తం మూడు నెలలకు మించకూడదంది, మనిషికి అదెంత పెద్ద శిక్షో చూడండి.

ఇక లోన్లీనెస్. పలమనేరు నుంచి వచ్చిన మొదటి నెలల్లో బైరాగిపట్టెడలో ఒక రూములో నలుగురం ఉండేవాళ్లం. పక్క మంచం వాడు ఫోన్‌లో వాళ్లమ్మతో ఏం కూర చేసిందో అడుగుతుంటే నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. చుట్టూ ముగ్గురున్నారు కాబట్టి సాలిట్యూడ్ కాదు, కానీ లోన్లీనెస్ నిండా ఉంది. ఒంటరితనం అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

తర్వాత్తర్వాత రాత్రి పది దాటాక ఫోన్ రూములోనే ఛార్జింగ్‌కు పెట్టేసి మిద్దె ఎక్కడం అలవాటైంది. నీళ్ల ట్యాంకుకు వీపు ఆనించి కూర్చుంటే ఎదురుగా కొండ మీద గాలిగోపురం దగ్గర వెలిగే నామం, శంఖుచక్రాలు కనిపించేవి. టెన్షన్ లేదు, దిగులూ లేదు, ఎవరూ లేకపోవడమే బాగుండేది. అదీ సాలిట్యూడ్.

ఒకరోజు రూమ్‌మేట్ పైకొచ్చి, ‘ఏంరా, ఒంటిగా కూర్చోనుండావు, ఇంట్లో ఏమన్నా అయిందా?’ అన్నాడు. మా వైపు మనిషి ఒంటిగా కనిపిస్తే ఏదో అయిందనే లెక్క. ఏం కాలేదు, ఊరికే అంటే నమ్మలేదు. పక్కనే చతికిలబడ్డాడు. సాలిట్యూడ్ అక్కడితో అయిపోయింది. ఏకాంతం మాత్రం ఇంకో గంట నడిచింది.