కానుక అనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బొంబాయి విక్టోరియా టెర్మినస్ రైల్వే స్టేషన్ (నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. అయితే "ఇది ఆంగ్లేయులు మనకు ఇచ్చి వెళ్లిన కానుక" అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

కానుక ఇచ్చేవాడు ఖర్చు తాను భరిస్తాడు. ఆ భవనం కట్టించిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీకి, 1849 నాటి ఒప్పందం ప్రకారం, పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి హామీ ఉంది. లాభం అంతకు చాలకపోతే ఆ లోటు పూడ్చవలసింది ఈ దేశపు పన్నుల సొమ్ముతోనే. అంటే లండన్‌లోని వాటాదారు నిశ్చింతగా ఉంటే, నష్టభయం ఇక్కడ శిస్తు కట్టే రైతు మోశాడు. 1878లో పని మొదలై పదేళ్లు సాగి, సుమారు 16 లక్షల రూపాయలు ఖర్చయిన ఆ రాతిమేడ గురించి రాసేవాడు ఈ సంగతి మొదటి పుటలోనే చెప్పాలి. నువ్వేమో మొదటి పుటంతా "రాజసం", "వైభవం" అన్న మాటలతో నింపావు.

కట్టడం మీద రాయబూనినవాడు డబ్బెవరిది, చేతులెవరివి అని అడగకుండా కలం పట్టకూడదని నేను జీవితమంతా నమ్మాను. నా తొలి రోజుల్లో ఒక పాత భవనం మీద రాస్తూ, రాళ్లు మోసినవాళ్లకు రెండు పేరాలు కేటాయించాను. ఒక మాసపత్రిక సంపాదకుడు ఆ రెండూ కొట్టేసి, వాటి స్థానంలో సూర్యాస్తమయపు కాంతిలో మెరిసే గోపురాలను చేర్చాడు. నా పేరు కింద నావి కాని వాక్యాలు అచ్చయ్యాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. నేటి పత్రికలూ ఫొటో పెద్దదిగా వేసి, దాని కింద నాలుగు విశేషణాలుంటే చాలంటున్నాయి. నీ వ్యాసం ఆ గాలికే కొట్టుకుపోయింది.

చేతుల సంగతి చూడు. నమూనా గీసింది ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్, నిజమే. కానీ స్తంభాల తలల మీది ఆకులను, కోతులను, నెమళ్లను తీర్చినవాళ్లలో చిత్రకారుడు జాన్ గ్రిఫిత్స్ దగ్గర చదువుకున్న బొంబాయి చిత్రకళా పాఠశాల (స్కూల్ ఆఫ్ ఆర్ట్) విద్యార్థులున్నారు. యూరోపు పాత చర్చిల గోథిక్ శైలి చట్రంలో ఈ నేల మీది ప్రాణులు కనిపించేది అందుకే. వాళ్లకు నీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. అంతకుముందు, 1856 నుంచి 1863 దాకా, బొంబాయి, పుణేల మధ్యనున్న భోర్ ఘాట్ అనే కనుమలో సహ్యాద్రి కొండలను తొలిచి పట్టాలు వేస్తూ కలరాతోనూ ప్రమాదాల్లోనూ వేలమంది కూలీలు చనిపోయారు. ఆ దారి తెరుచుకున్నాకే దక్కను పత్తి రైలెక్కి బొంబాయి రేవుకు దిగింది, కంపెనీ అంత పెద్ద మేడ కట్టుకోగలిగింది. ఘాట్ లేకుండా స్టేషన్ చరిత్ర రాయడం కుదరదు.

గుమ్మటం మీద నీ పేరా బాగుంది, ఒక్కటి తప్ప. కింద ఆధారపు చట్రం నిలపకుండా, ఒకదానితో ఒకటి బిగిసే పక్కటెముకలతో దాన్ని లేపిన నేర్పును చక్కగా వివరించావు. అయితే ఆ గుమ్మటం కింద ఏముందో చెప్పలేదు. అక్కడున్నది కంపెనీ కార్యాలయాలకు వెళ్లేందుకు కట్టిన మెట్లదారి. టికెట్లమ్మే హాలు పక్క భాగంలో ఉంది. రైళ్లు ఆగేది ఆ మేడను ఆనుకొని వేసిన షెడ్డు కింద. ఎవరికి ఎంత ఎత్తు కేటాయించారో గమనిస్తే అధికారం ఎవరిదో రాయి నీకు చెబుతుంది. ద్వారం దగ్గరి బ్రిటన్ సింహాన్నీ భారతదేశపు పులినీ స్నేహచిహ్నాలన్నావు. పులిని నిలబెట్టినదీ కంపెనీయేనని మరచిపోయావు.

1996లోనూ 2017లోనూ జరిగిన పేరు మార్పులకు, 2004లో దక్కిన యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపుకు కలిపి ఒక వాక్యం చాలు. మిగిలిన చోటును 1853 ఏప్రిల్ 16న, అంతకుముందు అదే చోట ఉన్న బోరీ బందర్ స్టేషన్ నుంచి ఠాణేకు నడిచిన తొలి ప్రయాణికుల రైలుకు, ఘాట్ కూలీలకు, ఆ విద్యార్థులకు ఇవ్వు. అలా తిరగరాసిన ప్రతిని నాకు పంపు. ఏ సంపాదకుడైనా ఆ పేరాలు కొట్టేస్తానంటే వ్యాసం వెనక్కి తీసుకో.

నీ శ్రేయోభిలాషి