పొట్టిగా, ఒళ్ళుగా ఉన్నవాళ్ళు జాకెట్టు కాగితాన్ని దిద్దుకోవడం

అమ్మణ్ణీ,

నువ్వు కుట్టుకున్న జాకెట్టు ఫోటో చూశాను. భుజం జారుతోంది, చంక ముందు గుడ్డ మిగిలి ముడతలు పడింది, ఇంత వదులున్నా ఛాతీ దగ్గర హుక్కులు పీక్కుంటున్నాయి. "నా ఒంటికి ఏదీ కుదరదు పెద్దమ్మా" అని రాశావే, ముందు ఆ మాట మానెయ్. అమ్మే ప్యాటర్న్‌లు (జాకెట్టు ముక్కలు గీసి ఉండే కాగితాలు) ఎక్కువగా 5 అడుగుల 5, 6 అంగుళాల మనిషికి గీసినవి, సైజు పెరిగేకొద్దీ చుట్టుకొలతతో పాటు భుజం, మెడ, చంక లోతు కూడా పెంచుకుంటూ పోతారు. ఒళ్ళొస్తే ఎముకలు సాగుతాయా? నువ్వు చూస్తే 4 అడుగుల 11.

ఛాతీ కొలత 44 అని నువ్వు 44 సైజు కాగితం తీసుకోవడంతోనే చిక్కంతా మొదలైంది. టేపు చంకల కిందుగా, ఛాతీకి పైన చుట్టి చూడు, అది 40 వచ్చిందన్నావు కాబట్టి దానికి 2 కలిపి 42 సైజు కాగితం తీసుకో. భుజం, మెడ, వీపు దాదాపు సరిపోతాయి. తక్కువ పడే 2 అంగుళాలు ముందు భాగంలోనే, ఒక్కో వైపు అంగుళం చొప్పున పెంచుకుందాం. కొలతలు మాత్రం ఆ జాకెట్టు లోపల వేసుకునే బ్రా మీదే తీసుకో, వేరే దాని మీద తీస్తే పాయింట్, అంటే ఛాతీలో అన్నిటికంటే ఎత్తుగా ఉండే చోటు, ఎక్కడికో పోతుంది.

వెడల్పు జోలికి పోకముందే పొడవు తగ్గించాలి. భుజం నుంచి పాయింట్ దాకా నీ కొలత, కాగితం కొలత పక్కపక్కన పెట్టి చూడు. అర అంగుళం తేడా ఉంటే చంక వంపు మధ్యలో అడ్డంగా ఆ అర అంగుళం మడిచి టేపు అంటించు, వెనక ముక్కకీ అంతే, చెయ్యి పైవంపుకీ అంతే. చాలామంది చేతిని మరిచిపోయి, తర్వాత అది చంకలో ఇమడక మిషన్‌ని తిడతారు! మడిచాక చంక బిగుతుగా అనిపిస్తే అడుగున పావు అంగుళం లోతు చెయ్యి, అంతకంటే దించొద్దు. చంక ఎంత కిందికి పోతే చెయ్యెత్తినప్పుడు జాకెట్టు అంత పైకి లేస్తుంది.

ఇప్పుడు వెడల్పు. కింది డాట్ (ఒంపు కోసం మొనదేలేలా మడిచి కుట్టే మడత) మధ్య గీత మీదుగా పాయింట్ దాకా కత్తిరించు, అక్కడి నుంచి చంక వంపులో కింది మూడో వంతు వైపు తిప్పి, అంచు తెగకుండా వెంట్రుకవాసిలో ఆపు. పక్క కుట్టు నుంచి పాయింట్ దాకా ఇంకో చీలిక. పక్క ముక్కని బయటికి జరిపితే పాయింట్ నుంచి కిందికి అంగుళం సందు ఏర్పడాలి, రెండు అంచులూ సమాంతరంగా ఉండాలి. ముందు పట్టీ వైపు ముక్క పొట్టిగా మిగులుతుంది, దాన్ని కూడా అడ్డంగా కోసి కిందికి దించి సమం చెయ్యి. డాట్ పెద్దదవుతుంది, అవనీ. పక్క చీలిక తెరుచుకున్న చోట రెండో డాట్ వస్తుంది. ఏ డాటైనా పాయింట్‌కి అంగుళం ముందే ఆపాలి, లేకపోతే మొన తేలి వికారంగా కనిపిస్తుంది.

ఛాతీ దగ్గర గిన్నెలా విడి ముక్క అతికే కటోరీ కట్ కావాలన్నావు. ముందు ఇది కుదరనీ, తర్వాత చూద్దాం.

ఆ శ్రీకాళహస్తి కలంకారీ ముక్క మీద ఇప్పుడే కత్తెర పెట్టొద్దు. చేత్తో గీసిన బొమ్మ, వీపు మధ్యలోకి రావాలంటే కొలత ఖాయమయ్యాకే కొయ్యాలి. పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టి, తొడుక్కుని, అటక మీది డబ్బా అందుకున్నట్టు చెయ్యెత్తి చూడు, కింద కూర్చుని చూడు. చంక నుంచి పాయింట్ వైపు గీతలు లాగితే ఛాతీకి ఇంకా గుడ్డ కావాలి. చంక ముందు వదులు మిగిలితే దాన్ని పక్క డాట్‌లోకి తిప్పు. దండ చెయ్యి పట్టేస్తే చెయ్యి కాగితాన్ని నిలువునా చీల్చి వెడల్పు చెయ్యి, పక్క కుట్లు విప్పి సర్దితే చాలదు.

లైనింగ్ కాటన్ అయితే గాంధీ రోడ్డులో కొన్న రోజే నీళ్ళలో నానబెట్టి ఆరేసెయ్, లేకపోతే మొదటి ఉతుకులోనే బిగుసుకుంటుంది. పక్క కుట్లలో అంగుళం మార్జిన్ వదులు. ట్రయల్ ముక్క తొడుక్కుని ముందు, వెనక, పక్కల నుంచి ఫోటోలు తీసి పంపు, చెయ్యి కిందికి దించి ఒకటి, ఎత్తి ఒకటి.

పెద్దమ్మ
తిరుపతి