ఖాళీ చేయించిన పేట స్థలం తిరిగి అడగవచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది విజయనగరం పాత ఊరు. మార్కెట్ విస్తరణ కోసమని 2006లో అధికారులు మా పేటను ఖాళీ చేయించారు. అరవై కుటుంబాల్లో కొందరికి రిజిస్టరు దస్తావేజులు, కొందరికి డి-పట్టాలు (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమికి ఇచ్చే పట్టాలు) ఉండేవి. మిగిలినవారికి ఇంటిపన్ను రసీదులే ఆధారం. దస్తావేజులున్నవారికి పరిహారం ఇచ్చారు. మిగిలినవారిలో చాలామందికి ఊరి బయట మూడేసి సెంట్లు చూపించారు. మార్కెట్ మాత్రం ఇంతవరకు కట్టలేదు. ఇప్పుడు అక్కడ వాణిజ్య సముదాయం కడతారంటున్నారు. స్థలం మాకు తిరిగి ఇప్పించమని అందరం కలిసి హైకోర్టుకు వెళ్లవచ్చా? అక్కడ ఏం కట్టాలన్న నిర్ణయంలో మా మాటకు చోటుందా?

జవాబు: అందరూ కలిసి ఉండాలన్న మీ ఆలోచన మంచిదే గాని, అందరూ ఒకే పిటిషన్‌లో ఒకే కోరికతో వెళ్లడం మంచిది కాదు. మీరంతా ఒక పేటవారే అయినా చట్టం ముందు మూడు రకాలవారు. ఒకరి కేసులోని లోపం పక్కవారి గట్టి కేసును కూడా దెబ్బతీయగలదు.

దస్తావేజులున్నవారి సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నదీ, ఎక్కువ నిరాశ ఎదురయ్యేదీ వారికే. 1894 నాటి భూసేకరణ చట్టం కింద అవార్డు (పరిహారం నిర్ణయించే ఉత్తర్వు) ప్రకటించి, భూమిని స్వాధీనం చేసుకున్న తరువాత అది ఏ చిక్కులూ లేకుండా ప్రభుత్వానికి దఖలు పడుతుంది. అనుకున్న పనికి వాడలేదన్న కారణంతో పాత యజమాని దాన్ని తిరిగి కోరలేడని సుప్రీంకోర్టు 2012లో వి. చంద్రశేఖరన్ కేసులో స్పష్టం చేసింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన సయ్యద్ అక్బర్ కేసులోనూ, మిగిలిపోయిన భూమిని మరో ప్రజా ప్రయోజనానికి వాడాలి, లేదా బహిరంగ వేలం వేయాలి తప్ప పాత యజమానికి తిరిగి కట్టబెట్టరాదన్నదే తీర్పు. దాని స్థానంలో వచ్చిన 2013 భూసేకరణ చట్టంలోని 24(2) సెక్షన్ ప్రకారం పాత సేకరణ రద్దయిపోతుందని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. పరిహారం చెల్లించకపోవడం, స్వాధీనం తీసుకోకపోవడం, ఈ రెండూ జరిగి ఉంటేనే రద్దవుతుందని 2020లో ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మీవారు పరిహారం అందుకున్నారు, ఇళ్లూ ఖాళీ చేశారు. అదే చట్టంలోని 101వ సెక్షన్‌ను వాట్సాప్‌లో సగమే పంచుతున్నారు: అయిదేళ్లు వాడని భూమి యజమానికి గాని, ప్రభుత్వ భూమి నిధికి గాని చేరుతుందని అందులో ఉంది. పైగా 1894 చట్టం కింద జరిగిన సేకరణకు దాన్ని వర్తింపజేయమని కోరడమే కష్టసాధ్యమైన వాదన.

డి-పట్టాదారుల పరిస్థితి వేరు, నా దృష్టిలో మీ పేటలో అన్నిటికంటే బలమైన కేసు వారిదే. ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని, అంటే డి-పట్టా ఇచ్చిన భూమిని, వెనక్కి తీసుకున్నా, పట్టాదారుకు పూర్తి యజమానితో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో 2004లోనే చెప్పింది. మీ పేటను ఖాళీ చేయించింది ఆ తరువాత రెండేళ్లకు. మూడు సెంట్ల స్థలం చూపడం మార్కెట్ విలువ చెల్లించడం కాదు. అయితే దాన్ని పూర్తి పరిహారంగా స్వీకరిస్తున్నట్లు సంతకాలు తీసుకున్నారేమో ముందు చూడాలి. ఆలస్యమైందన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. చట్టప్రకారం కాకుండా ఆస్తి తీసుకున్న ప్రభుత్వం ఆలస్యాన్ని సాకుగా చూపలేదని 2020లో విద్యాదేవి కేసులో సుప్రీంకోర్టు అన్న మాట అక్కడ పనికివస్తుంది. కాబట్టి వీరు విడిగా, వ్యక్తుల పేర్లతోనే హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి పరిహారం కోరాలి, భూమిని కాదు.

పన్ను రసీదులు మాత్రమే ఉన్నవారిని 1905 నాటి ఆక్రమణల చట్టం ఏడో సెక్షన్ నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించడం తప్పే. కాని ఊరి బయట చూపిన స్థలం మీరు తీసుకుని ఇన్నేళ్లు గడిచాక ఆ తప్పును మాత్రమే పట్టుకుని కోర్టుకు వెళితే ఫలితం తక్కువ. పోలికకు ఒక సంగతి చెబుతాను: దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరంలోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో శ్వేతజాతీయుల ప్రాంతంగా ప్రకటించి అరవై వేలమందికి పైగా ఖాళీ చేయించారు. 1994లో చేసిన భూ పునరుద్ధరణ చట్టం అక్కడ యజమానులతో పాటు అద్దెదారులకూ దావా వేసే హక్కు ఇచ్చింది. అయినా తిరిగి వచ్చినవారికి మొదటి ఇళ్ల తాళంచెవులు అందేసరికి 2004 వచ్చింది. గడిచిపోయిన ఖాళీ చేయింపులకు మనకు అలాంటి చట్టం లేదు. కాని పట్టణంలో మూడేళ్లుగా నివసిస్తున్న కుటుంబాన్ని పట్టా లేకపోయినా ప్రభావిత కుటుంబంగా 2013 చట్టం గుర్తిస్తుంది, కనుక సముదాయం కోసం పక్క స్థలాలను కొత్తగా సేకరిస్తే అక్కడివారికి అది ఉపయోగపడుతుంది.

ఇక మీ మాటకు చోటు విషయం. మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పట్టణాల్లోనే వార్డు కమిటీలను రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ తప్పనిసరి చేసింది; 2011 లెక్కల ప్రకారం విజయనగరం ఆ గీతకు లోపే ఉంది. అందువల్ల మీకు నిజంగా అక్కరకొచ్చేది మాస్టర్‌ప్లాన్. ఆ స్థలం అందులో ఏ వినియోగం కింద ఉందో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. వినియోగం మార్చాలంటే ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలవాలి, గడువులోపు వచ్చిన వాటిని పరిశీలించాలి. ఈ దశలో మాత్రం అరవై కుటుంబాలూ ఒక్కటిగా నిలబడవచ్చు, నిలబడాలి. పేదల ఇళ్లు కూడా ప్రజా ప్రయోజనమే కనుక స్థలంలో కొంత భాగాన్ని దానికి, దుకాణాల్లో కొన్నిటిని ఖాళీ చేసిన కుటుంబాలకు కేటాయించాలని రాతపూర్వకంగా కోరండి. హక్కుగా కాక విధానపరమైన విన్నపంగా రాస్తే కౌన్సిల్‌కు ఒప్పుకునే వీలుంటుంది. మీలో తోపుడుబండ్లవారు ఉంటే, వీధి వ్యాపారుల ప్రతినిధులకు కనీసం 40 శాతం స్థానాలు ఇచ్చే టౌన్ వెండింగ్ కమిటీ ముందు కూడా వారి సంగతి పెట్టించండి.

వీటన్నిటికీ ముందు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అవార్డు నకలు, స్వాధీనం పంచనామా, చెల్లింపుల జాబితా, టౌన్ సర్వే రిజిస్టరు నకలు అడగండి. పాత ఊరు ఒకప్పటి జమీందారీ భూమి కావడంవల్ల సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (జమీందారీ రద్దయ్యాక రాసిన భూమి రికార్డు) నకలు కూడా తీయించండి. డి-పట్టా అనుకున్నది పాత ఇంటి స్థలమే అని తేలితే ఆ కుటుంబం మొదటి వర్గంలోకి మారుతుంది, అప్పుడు పరిహారం ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న మరింత గట్టిదవుతుంది. కాగితాలు చేతికొచ్చాక మహిళలు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయిస్తే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.