మూతపడిన క్లబ్బులను పటంగా గీయబోయే అల్లునికి

చిరంజీవి అల్లునికి హనుమకొండ నుండి మామ ఆశీస్సులు.

మూతపడుతున్న, రాత్రంతా నృత్యం సాగే అండర్‌గ్రౌండ్ క్లబ్బుల మీద మన చేర్యాల నకాషీ పద్ధతిలో, అంటే పొడవాటి గుడ్డ మీద కథను గడులు గడులుగా చిత్రించి, చెబుతూ విప్పే పద్ధతిలో పటం గీస్తానని బెర్లిన్ నుండి నీవు రాసిన ఉత్తరం అందింది. నేను అటువంటి చోట గడప తొక్కినవాణ్ని కాను కనుక, పటం సంగతి వరకే చెబుతాను.

నకాషీలు గీసే పటానికి సొంతదారులు ఉంటారు. కూనపులి వారు విప్పేది పద్మశాలీల కథ, డక్కలి వారు విప్పేది మాదిగల జాంబపురాణం. ఎదుట కూర్చున్నవారికి అందులో తమ పుట్టుపూర్వం కనబడాలి. కాబట్టి నీ పటం ఎవరిదో ముందు తేల్చుకో. 1977లో షికాగోలో మొదలైన వేర్‌హౌస్ క్లబ్బు పేరు మీదనే హౌస్ అనే నృత్య సంగీతానికి ఆ పేరు వచ్చిందంటారు. కానీ తొలినాళ్లలో అక్కడ తెల్లవార్లూ ఆడినవారిలో ఎక్కువమంది, బయట తలెత్తుకునే చోటు దొరకని నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు. పటం వారిది కావాలి.

ఈ విషయంలో నేనూ పొరబడ్డాను. ఒకసారి రాత్రంతా సాగిన ఒగ్గు కథను గీస్తూ, కథకుణ్ని, డోళ్లను, నేల మీద పట్నం అని వేసే పసుపు ముగ్గును ఎంతో శ్రద్ధగా దించాను. చూడవచ్చిన ఒక ముసలమ్మ పటమంతా వెతికి, "గిండ్ల మేమేడున్నం బిడ్డా?" అని అడిగింది. ఊ కొట్టినవారిలో ఒక్కరినీ నేను గీయలేదు.

అందుకే డీజే కంటే ముందు, తలుపు దగ్గర నిలబడేవారిని, వచ్చినవారి చలికోట్లు భద్రపరిచేవారిని, పొద్దున నేల తుడిచేవారిని కలిసి వారి మాటలు రాసుకో. మీ బెర్లిన్‌లోని ట్రెసోర్ క్లబ్బు 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ కింది ఖజానా గదిలో మొదలై, 2005లో అక్కడ మూతపడి, 2007లో పాత విద్యుత్ కేంద్రంలో తిరిగి తెరుచుకుంది కదా. రెండు చోట్లా ఆడినవారిని వెతికితే నీకు రెండు గడులకు సరిపడా కథ దొరుకుతుంది. ఫోన్ కెమెరాలకు స్టిక్కర్లు అంటించి లోపలికి పంపే ఊరది, అడగకుండా ఎవరినీ గుర్తుపట్టేలా గీయవద్దు. నకాషీ ముఖాలు ఎలాగూ ఒకే పోలికలో ఉంటాయి. ఒప్పుకున్నవారిని చేతి కడియంతోనో, నిలబడే తీరుతోనో తెలుపు.

చీకటి గది అని నేపథ్యానికి నలుపు పూయకు, ఎరుపే ఉంచు. నల్లగీత దాని మీదనే తేలుతుంది. పూర్తయ్యాక ఒక రాత్రి వారందరినీ పిలిచి, వారి పాటలే పెట్టి, ఒక్కొక్క గడి విప్పుతూ వారిలో ఒకరి చేత కథ చెప్పించు. తప్పులుంటే అక్కడే పట్టుకుంటారు.

గంజి, సుద్దమట్టి, బంక కలిపి పూత వేయించిన గుడ్డ మూడు గజాలు పంపుతున్నాను. మడత పెడితే పూత పగులుతుంది, చుట్టే ఉంచు.

మీ మామ