కోడింగ్ కోర్సు కోసం డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఒక శిక్షణ సంస్థ ఏడాది ఫీజు ముందే కట్టమంటోంది, లేదంటే అప్పు ఇప్పిస్తాం, వాయిదాల్లో తీర్చండి అంటోంది. పాప పైచదువుల కోసం దాచిన డిపాజిట్ తీసి కట్టమంటారా? ఇంట్లో కంప్యూటర్ ఉంది కానీ ఎప్పుడూ వాళ్ల అన్నయ్య దగ్గరే ఉంటుంది.

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండి. అప్పు అసలే వద్దు. ఏటా 8 శాతం వడ్డీ వస్తే సొమ్ము దాదాపు 9 ఏళ్లలో రెట్టింపవుతుంది. అప్పటికి మీ అమ్మాయికి 20 ఏళ్లు, అసలైన ఖర్చులు మీద పడే వయసు. ఈ సరదా నాలుగు నెలలకే తీరిపోయినా అప్పు వాయిదాలు మాత్రం ఆగవు.

నేర్చుకోవడానికి ఇప్పుడు ఫీజు అవసరమే లేదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో పుట్టిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాష 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసమే తయారైంది. పైసా ఖర్చు లేదు. దిమ్మెలు పేర్చినట్టు ఆదేశాలు పేరుస్తూ ఆటలు, బొమ్మల కథలు తయారుచేయవచ్చు. అది చేతికి అలవాటయ్యాక, ఆదేశాలను టైప్ చేసి రాసే పైథాన్ అనే భాష మొదలుపెట్టవచ్చు, అదీ ఉచితమే.

నన్ను ఆలోచనలో పడేసింది మీ ఉత్తరంలోని చివరి వాక్యం. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవారిలో దాదాపు 37 శాతం మహిళలు. తర్వాత అది సగానికి పడిపోయింది. పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఒకటి, ఇంటికి కొన్న కంప్యూటర్ మగపిల్లల గదిలోకి చేరడం. కాలేజీకి వచ్చేసరికి వాళ్లకు ఏళ్ల తరబడి చేతిసాధన ఉంది, అమ్మాయిలకు లేదు. తెలివితేటల్లో తేడా అని పొరబడినవాళ్లకూ కొదవ లేదు!

కాబట్టి ఖర్చు పెట్టాలనే ఉంటే, నెలనెలా కొంత పక్కన వేసి పాపకంటూ ఒక కంప్యూటర్ కొనండి. వాడినదైనా చాలు, స్క్రాచ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అందాకా ఉన్న కంప్యూటర్ మీద రోజూ ఒక గంట ఆమెకే కేటాయించండి. అన్నయ్యకు పరీక్షలున్నా ఆ గంట మారకూడదు.

ఆరు నెలల తర్వాత తనంతట తానే ఏదైనా తయారుచేసి చూపిస్తూ, "ఇక్కడ ఆగిపోయాను, చెప్పేవాళ్లు కావాలి" అంటే అప్పుడు శిక్షణకు పంపండి. నెలవారీ ఫీజు తీసుకునేచోటే చేర్పించండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.