నాలుగు గ్రాములు తూచినా నార్మాలిటీ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా ప్రయోగశాలలో 0.1 నార్మల్ (ద్రావణం బలాన్ని, అంటే నార్మాలిటీని చెప్పే కొలమానం) సోడియం హైడ్రాక్సైడ్ కోసం నాలుగు దశాంశాల త్రాసులో సరిగ్గా 4.0000 గ్రాములు తూచి, లీటరు ఫ్లాస్కులో గీత వరకు నీళ్లు పోశాను. ఆక్సాలిక్ ఆమ్లంతో అంశమాపనం (టైట్రేషన్) చేస్తే 0.0938 వచ్చింది. పక్క బల్ల దగ్గర నా స్నేహితురాలికి 0.0951 వచ్చింది. తప్పు తూకంలో ఉందా, చేతిలో ఉందా? తగ్గినంత మళ్లీ కలిపి 0.1కి తేవచ్చా?
– బీఎస్సీ ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తప్పు మీ చేతిలోనూ త్రాసులోనూ లేదు, మీరు తూచిన పదార్థంలోనే ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలను వాచ్ గ్లాసులో వేసి, త్రాసు తలుపు మూసి కాసేపు గమనించండి. చివరి అంకె నిలవకుండా పైకి పాకుతూనే ఉంటుంది, గుళికల అంచులు తడితడిగా మెరుస్తాయి. గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకోవడం దాని గుణం. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ప్రాంతంలో వానాకాలపు చెమ్మ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంటే మీ నాలుగు గ్రాములలో కొంత నీరు, కొంత కార్బొనేట్ కలిసి ఉన్నాయి. సీసా మూత ఎంతసేపు తెరిచి ఉందన్నదాన్ని బట్టి కూడా ఇద్దరి విలువల్లో తేడా రావచ్చు.

కాబట్టి దీన్ని నాలుగో దశాంశం దాకా తూచడం వృథా శ్రమ. మామూలు త్రాసులో సుమారు 4.2 గ్రాములు గబగబా తూచి, మరిగించి చల్లార్చిన స్వేదనజలంలో కరిగించి, దాని అసలు బలాన్ని శుద్ధంగా దొరికే, గాలికి మారని ప్రాథమిక ప్రమాణంతో తేల్చుకోవాలి. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ తుల్యభారం (లీటరు 1 నార్మల్ ద్రావణానికి కావలసిన గ్రాములు) 204.22, ఎక్కువ తూచాలి కాబట్టి తూకంలో పొరపాటు ప్రభావం తక్కువ. నా ఓటు దానికే. అయితే మీ దగ్గర ఉన్నది ఆక్సాలిక్ ఆమ్లం గనుక దాని గురించే చెబుతాను.

మీ శ్రద్ధంతా ఇక్కడ చూపండి. రెండు నీటి అణువులున్న ఆ స్ఫటికాల తుల్యభారం 63.04, 250 మి.లీ. 0.1 నార్మల్ ద్రావణానికి 1.576 గ్రాములు కావాలి. వాటిని ఓవెన్‌లో ఆరబెట్టకండి, స్ఫటికజలం పోతే లెక్క తప్పుతుంది. సరిగ్గా 1.576 రావాలని చిటికెడు వేస్తూ తీస్తూ కూర్చోనక్కరలేదు. వేయింగ్ బాటిల్‌ను ఒంపకముందూ ఒంపిన తరువాతా తూచినప్పుడు తేడా 1.5824 వచ్చిందనుకుందాం, దాన్ని 15.76తో భాగిస్తే 0.1004 నార్మల్, అదే రికార్డులో రాయండి. గరాటును లోపలా కాడ వెలుపలా వాష్ బాటిల్‌తో ఫ్లాస్కులోకే కడిగి, సగానికి పైగా నీటిలో తిప్పుతూ పూర్తిగా కరిగించాక గీత దగ్గరకు రండి. చివరి మిల్లీలీటరు డ్రాపర్‌తో పోస్తూ, గీతను కంటి ఎత్తులో పట్టుకుని, నీటి వంపు అడుగు గీతను తాకగానే ఆపండి. గీత దాటితే ఎక్కువైనది తీసేయడం కుదరదు, మొదటినుంచి చేయవలసిందే. మూత బిగించి తలకిందులు చేసి కలిపాక మట్టం కాస్త దిగినట్టు కనిపించినా మళ్లీ నీరు పోయకూడదు.

ఫ్లాస్కు మీద 20 లేదా 27 డిగ్రీలని రాసి ఉంటుంది, గీత సరిపోయేది ఆ ఉష్ణోగ్రత దగ్గరే, దాన్ని చాలామంది చూడరు. నేను విజయనగరంలో కొత్తగా పాఠం చెబుతున్న రోజుల్లో సోడియం హైడ్రాక్సైడ్ కరిగిన వేడి చల్లారకముందే గీత దాకా నింపేసి, మర్నాడు మట్టం గీతకు కిందుగా కనిపిస్తే పిల్లల ముందు తెల్లబోయాను. 27 డిగ్రీల నీరు 35 డిగ్రీలకు వేడెక్కితే 250 మి.లీ.కి దాదాపు 0.6 మి.లీ. పెరుగుతుంది, కచ్చితత్వంలో మేలైన ‘A’ తరగతి ఫ్లాస్కుకు అనుమతించే దోషమైతే 0.15 మి.లీ. మాత్రమే.

ఇక మీ రెండో ప్రశ్న. 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లానికి రంగు మారి ముగింపు తెలిపే ఫినాఫ్తలీన్ సూచికతో 21.4 మి.లీ. క్షారం (మీ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం) పట్టిందనుకుంటే, 20ని 0.1004తో గుణించి 21.4తో భాగిస్తే 0.0938 వస్తుంది. అది తప్పు విలువ కాదు, మీ ద్రావణపు నిజమైన బలం అదే. మళ్లీ గుళికలు కలిపితే ఆ తెలిసిన విలువ కూడా చేజారుతుంది. ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత బిగించి, చీటీ మీద 0.1 అని కాక 0.0938 అని తేదీతో సహా రాసి, ఆ అంకెతోనే లెక్కలు కట్టండి. వారం తరువాత వాడవలసి వస్తే ముందు మరోసారి ఆక్సాలిక్ ఆమ్లంతో సరిచూసుకోండి.